సర్వింగ్ ఎంత, తిన్నదెంత



చేతికందే దూరంలో తినుబండారాల ప్యాకెట్ ఏదైనా ఉంటే తీసుకోండి. బిస్కెట్లయినా సరే, కారబ్బూందీ అయినా సరే. లేకపోయినా ఇబ్బంది లేదు, మనమే ఒక మిక్చర్ ప్యాకెట్‌ను ఊహించుకుందాం. నేను చెప్పబోయే అంకెలు ఏ ఒక్క కంపెనీవీ కావు. మన కిరాణా కొట్లలో దొరికే మిక్చర్ల మీద మామూలుగా కనిపించే తరహా అంకెలు.

ప్యాకెట్ మీద నికర బరువు 150 గ్రాములు అని ఉంది. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఒక పట్టిక. 100 గ్రాములకు శక్తి 551 కిలో కేలరీలు. మాంసకృత్తులు 12 గ్రాములు, పిండిపదార్థాలు 47, కొవ్వు 35. సోడియం 800 మిల్లీగ్రాములు. దాని పక్కన ఇంకో వరుస. సర్వింగ్ సైజు 30 గ్రాములు, ఒక సర్వింగ్‌తో రోజుకు కావలసిన శక్తిలో 8 శాతం అందుతుంది అని.

ఎనిమిది శాతమే కదా అనిపిస్తుంది. ప్యాకెట్ విప్పుతాం. 30 గ్రాముల మిక్చర్ అంటే గుప్పెడు. సాయంత్రం టీ పెట్టుకుని, గిన్నెలో పోసుకుని టీవీ ముందు కూర్చున్నవాళ్లు గుప్పెడుతో ఆగరు. ఇద్దరు కూర్చుంటే ప్యాకెట్ ఖాళీ అవుతుంది, ఆకలి మీదుంటే ఒక్కరే అవగొడతారు. ఒక్కరే తింటే శక్తి 825 కిలో కేలరీలకు పైనే, అంటే 8 కాదు, 41 శాతం. సోడియం 1200 మిల్లీగ్రాములు. ఒక మనిషికి రోజు మొత్తానికీ 2000 మిల్లీగ్రాములకు మించకూడదంటారు. అందులో 60 శాతం అన్నంలో ఉప్పు పడకముందే అయిపోయింది. లేబుల్ మీద అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివినవారికి నిజం అందలేదు.

ఈ 30 గ్రాములను ఎవరు నిర్ణయించారు? అది డాక్టర్లు సూచించిన మోతాదని చాలామంది అనుకుంటారు. రోజుకు ఇంత తింటే ప్రమాదం లేదని ప్రభుత్వం లెక్కగట్టి చెప్పిందని ఇంకొందరి నమ్మకం. రెండూ నిజం కాదు. మన దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. అది 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల్లో సర్వింగ్‌కు ఇచ్చిన అర్థం బాగా వదులుగా ఉంది. మనుషులు ఒక పూట కూర్చుని మామూలుగా తినే పరిమాణం, లేకపోతే లేబుల్ మీద ఎంతని రాస్తే అంత. ఈ రెండో వెసులుబాటు వల్ల ఆ అంకె తయారీదారు చేతిలోకి వెళ్లింది. ఒకరు 20 గ్రాములంటారు, ఇంకొకరు 40 అంటారు. రెండు ప్యాకెట్లలోనూ ఉన్నది ఒకే రకం మిక్చర్ అయినా, 20 అన్నవారి శాతం సగమే కనిపిస్తుంది. కొనేవారికి అది తేలికైన సరుకులా తోస్తుంది.

సంతలో ఒకరు వంకాయలు కిలో ధర చెబితే, పక్కనున్నవారు పావు కిలో ధర చెబుతారు. ఏది చవకో తేల్చడానికి మనం మనసులోనే రెండింటినీ కిలోకు మార్చుకుంటాం. ఆ పని చిన్నప్పటి నుంచి అలవాటు. లేబుల్ విషయంలోనూ చేయవలసింది అంతే. రెండు సరుకులను పోల్చాలంటే సర్వింగ్ వరుసను పక్కన పెట్టి, 100 గ్రాముల వరుసను చూడండి. పానీయమైతే 100 మిల్లీలీటర్ల వరుస. ఆ కొలత ఏ కంపెనీకైనా ఒకటే.

ఇది నా సొంత తెలివి కాదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం 2016లో ప్యాకెట్ల ముందువైపు నల్లటి అష్టభుజి ముద్రలు వేయించడం మొదలుపెట్టింది. చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ, కేలరీలు ఎక్కువ అని ఆ ముద్రలు చెబుతాయి. హద్దులను దశలవారీగా బిగించారు. ఇప్పుడు ఘన పదార్థం 100 గ్రాముల్లో 275 కిలో కేలరీలు దాటినా, 400 మిల్లీగ్రాముల సోడియం దాటినా ముద్ర పడుతుంది. కొలిచేది 100 గ్రాములకు, సర్వింగ్‌కు కాదు. కంపెనీ సర్వింగ్‌ను ఎంత కుదించి రాసినా ఆ ముద్రను తప్పించుకోలేదు. మన ఊహల్లోని మిక్చర్‌కు అక్కడైతే ఒకటికి రెండు ముద్రలు తప్పవు.

అమెరికా దారి వేరు. అక్కడ 1990లో వచ్చిన చట్టం, సర్వింగ్ పరిమాణం జనం నిజంగా ఎంత తింటున్నారో దాన్ని బట్టి ఉండాలంది. ఏ రకం ఆహారానికి ఎంత అన్న పట్టికను అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తయారు చేసి పెట్టింది. ఏళ్లు గడిచేకొద్దీ జనం తిండి మారింది. 2016లో ఆ సంస్థ అంకెలను సవరించింది. ఐస్‌క్రీమ్ సర్వింగ్ అర కప్పు నుంచి మూడింట రెండు వంతుల కప్పుకు పెరిగింది. కూల్‌డ్రింక్ 8 ఔన్సుల నుంచి 12 ఔన్సులైంది. ఎక్కువ తాగమని ప్రభుత్వం చెప్పినట్టు కాదిది. ఎక్కువ తాగుతున్నారని ఒప్పుకుని, ఆ తాగినదానికి సరిపడా కేలరీలు లేబుల్ మీద కనిపించాలన్నది ఉద్దేశం. రెండు మూడు సర్వింగులు పట్టే ప్యాకెట్లకు పక్కపక్కనే రెండు వరుసలు వేయమన్నారు. ఒకటి సర్వింగ్‌కు, రెండోది ప్యాకెట్ మొత్తానికి. నాకు ఆ సవరణలో అన్నింటికన్నా నచ్చిన భాగం ఇదే.

అయితే అక్కడా ఒక సందు ఉంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల వంటింట్లో పెనం మీద కొట్టే నూనె స్ప్రే డబ్బా ఉంటుంది. దాని మీద కేలరీలు సున్నా, కొవ్వు సున్నా అని ఉంటుంది. లోపల ఉన్నది నూనే. నూనెలో గ్రాముకు 9 కిలో కేలరీలుంటాయి. అది సున్నా ఎలా అయింది? సర్వింగ్ అంటే సెకనులో నాలుగో వంతు సేపు కొట్టిన స్ప్రే అని రాస్తారు. ఆ కాసేపట్లో పడేది పావు గ్రాము. దానికి 2 కిలో కేలరీలు. 5 కన్నా తక్కువైతే సున్నా అని రాసుకోవడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకుంటాయి. దోసె పెనం తడవాలంటే రెండు మూడు సెకన్లైనా కొట్టాలి. గరిటెతో నూనె పోయడం కన్నా ఇది చాలా తక్కువే, కాదనను. కానీ సున్నా మాత్రం కాదు. సర్వింగ్ బాగా చిన్నదై, దాని ఎదురుగా సున్నా కనిపిస్తే, ముందు ఆ సర్వింగ్ ఎంతో చూడండి.

ఇక కేలరీల సంగతి. లేబుల్ మీద కిలో కేలరీ అని ఉన్నా, మాటల్లో మనం కేలరీ అనే అంటాం. రెండూ ఒకటే, కంగారు వద్దు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే శక్తి అది. ఆస్ట్రేలియా నుంచో యూరప్ నుంచో వచ్చిన చాక్లెట్ డబ్బా మీద మాత్రం కిలో జౌల్ అనే కొలత కనిపిస్తుంది. మెల్‌బోర్న్ నుంచి కొడుకు తెచ్చిన ప్యాకెట్ మీద 2000 అన్న అంకె చూసి ఒక రోజు తిండి ఇందులోనే ఉందా అని హడలిపోనక్కర్లేదు. కిలో జౌల్ అంకెను సుమారు 4.2తో భాగిస్తే మన కిలో కేలరీ వస్తుంది. 2000 కిలో జౌల్స్ అంటే సుమారు 478 కిలో కేలరీలు.

ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే లేబుల్‌ను మీరే తనిఖీ చేసుకోవచ్చు. 19వ శతాబ్దం చివర అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని మిడిల్‌టౌన్‌లో విల్బర్ అట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవారు. మనుషులను ఒక మూసిన గదిలో ఉంచి, వారు తిన్నదెంత, ఒంట్లోంచి వెలువడిన వేడి ఎంత, విసర్జించినదెంత అని ఓపికగా కొలిచారు. మాంసకృత్తులకు గ్రాముకు 4, పిండిపదార్థాలకు 4, కొవ్వుకు 9 అని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న లెక్కకు ఆయన పనే పునాది. మన మిక్చర్‌నే తీసుకోండి. 12 నాలుగులు 48. 47 నాలుగులు 188. 35 తొమ్ముదులు 315. కూడితే 551. లేబుల్ మీద ఉన్నదీ అదే. అందులో సగానికి పైగా కొవ్వు నుంచే వస్తోందని ఈ కూడికే చెబుతుంది. ఇవి సగటు అంకెలే, ప్రతి ఆహారానికీ ఖచ్చితంగా కుదరవు. బాదం లాంటి గింజలను నమిలి తిన్నప్పుడు వాటిలోని కొవ్వంతా మనకు అరగదు, ఈ లెక్క చెప్పేదాని కన్నా తక్కువ శక్తి అందుతుంది. కాబట్టి 551కీ 540కీ తేడా ఉందని తల బద్దలు కొట్టుకోకండి. 551కీ 350కీ ఉన్న తేడాను పట్టించుకోండి.

ఇప్పుడు ఆ శాతాల దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. లేబుల్ మీద శాతం దేనిలో శాతం? మన నిబంధనల ప్రకారం రోజుకు 2000 కిలో కేలరీలు, 67 గ్రాముల కొవ్వు, 50 గ్రాముల అదనపు చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం అని ఒక నమూనా మనిషిని పెట్టుకున్నారు. శాతాలన్నీ ఆ మనిషివే. మీవి కావు.

మన హైదరాబాద్‌లో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రం పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. దేశంలో ఎవరికెంత తిండి కావాలో లెక్క తేల్చేది ఆ సంస్థే. 2020లో అది ఇచ్చిన అంచనా ప్రకారం కూర్చుని పనిచేసే మగవారికి రోజుకు 2110 కిలో కేలరీలు కావాలి. కూర్చుని పనిచేసే ఆడవారికి 1660 చాలు. మండుటెండలో మూటలు మోసే కూలికి 3470 కావాలి. ఒకే ప్యాకెట్ మీద రాసిన 20 శాతం ఈ ముగ్గురికీ ఒకటి ఎలా అవుతుంది? 20 శాతమంటే 400 కిలో కేలరీలు. బ్యాంకులో కౌంటర్ దగ్గర రోజంతా కూర్చునే అమ్మాయికి అది 24 శాతం. మూటలు మోసే అతనికి 12 శాతం కూడా లేదు.

పిల్లల సంగతి ఇంకా తీవ్రం. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 1360 కిలో కేలరీలు కావాలి. వాళ్ల కోసమే బొమ్మలు వేసి అమ్మే క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా శాతాలు పెద్దవాళ్ల లెక్కలోనే ఉంటాయి. 100 గ్రాముల ప్యాకెట్, 460 కిలో కేలరీలు, అదనపు చక్కెర 22 గ్రాములు అనుకుందాం. పెద్దవారి లెక్కలో శక్తి 23 శాతం, చక్కెర 44 శాతం. ఐదేళ్ల పిల్ల లెక్కలో శక్తి 34 శాతం. చక్కెర నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. ఆ లెక్కన ఆ పిల్లకు హద్దు 34 గ్రాములు. అంటే ఒక్క ప్యాకెట్‌తో 65 శాతం అయిపోయింది. పొద్దున పాలల్లో కలిపిన పొడి, మధ్యాహ్నం చాక్లెట్, ఊరి నుంచి తాతయ్య తెచ్చిన జీళ్లు ఇంకా లెక్కలోకే రాలేదు. పిల్లల కోసం కొనే వస్తువు మీద శాతాలను చదవకండి. గ్రాములు చదవండి.

పానీయాల విషయంలో 100 మిల్లీలీటర్ల అంకె చూడటానికి చిన్నగా ఉంటుంది. 40 కిలో కేలరీలు, 10 గ్రాముల చక్కెర. కానీ 750 మిల్లీలీటర్ల సీసా ఒక్కరే తాగితే 75 గ్రాముల చక్కెర, 300 కిలో కేలరీలు. చక్కెరలో అది నమూనా మనిషి రోజు హద్దుకు ఒకటిన్నర రెట్లు. ఇక్కడ 100 వరుసతో ఆగిపోతే మోసపోతాం. పోల్చడానికి 100 వరుస, తాగినదాన్ని లెక్క పెట్టడానికి సీసా మొత్తం.

తిరగేసిన ఇబ్బంది కూడా ఉంది. ఆవకాయ సీసా మీద 100 గ్రాములకు సోడియం 5000 మిల్లీగ్రాములని ఉంటే గుండె ఝల్లుమంటుంది. 100 గ్రాముల ఆవకాయ ఎవరూ తినరు. ముద్దలో కలుపుకునేది 10 గ్రాములనుకుంటే 500 మిల్లీగ్రాములు, రోజు హద్దులో నాలుగో వంతు. అది తక్కువేమీ కాదు, రక్తపోటు ఉన్నవారు గుర్తుపెట్టుకోవలసిందే. ఉప్పుగా మార్చుకోవాలంటే సోడియంను రెండున్నరతో హెచ్చించండి. 500 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒకటింబావు గ్రాముల ఉప్పు.

పచ్చి సరుకుకూ వండిన దానికీ మధ్య తికమక మన ఇళ్లలో చాలా ఉంది. బియ్యం సంచి మీద 100 గ్రాములకు 350 కిలో కేలరీలని ఉంటుంది. అది పచ్చి బియ్యానికి. నీళ్లు పోసి ఉడికిస్తే ఆ 100 గ్రాములే రెండున్నర రెట్లు దాటిన అన్నం అవుతుంది, శక్తి మాత్రం అదే 350. అందుకే 100 గ్రాముల అన్నంలో 130 దగ్గర ఉంటుంది. ఫోన్‌లో లెక్క రాసుకునే కుర్రకారు అన్నం తూకం వేసి బియ్యం అంకె పెట్టుకుంటున్నారు, తిన్నదానికి దాదాపు మూడింతలు లెక్కేసుకుని కంచం ముందు నుంచి సగం ఆకలితో లేస్తున్నారు. ఇలా జరగకూడదు.

దీనికి వ్యతిరేకమైనది గులాబ్ జామూన్ పొడి. పెట్టె మీద ఉన్న అంకె పొడిది. ఉండలను వేయించిన నూనె, నానబెట్టిన చక్కెర పాకం మన ఇంట్లోవి. అవి ఏ లేబుల్ మీదా ఉండవు. ఉప్మా రవ్వ మిక్స్, బజ్జీల పిండి కూడా అంతే.

చిరుధాన్యాల మీద కూడా ఒక మాట చెప్పాలి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక రాగి బిస్కెట్లు, జొన్న చిప్స్ అంగళ్లలో నిండాయి. రాగులంటే నాకూ గౌరవమే. కాల్షియంలో బియ్యం దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ కేలరీల్లో రాగులు 320, జొన్నలు 335, బియ్యం 350. పెద్ద తేడా లేదు. ఆ రాగి పిండిలో నూనె, బెల్లం కలిపి బిస్కెట్ చేసినప్పుడు లేబుల్ చూస్తే మామూలు బిస్కెట్ అంకెలకు దగ్గరగానే కనిపిస్తుంది. బెల్లంలోనూ కేలరీలు చక్కెరకు కాస్త అటూ ఇటూగానే ఉంటాయి. పదార్థాల జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. రాగి బిస్కెట్ జాబితాలో మైదా ముందు, రాగి నాలుగో స్థానంలో ఉంటే అందులో ఏది ఎంత ఉందో అర్థమైనట్టే.

హోటళ్ల సంగతి క్లుప్తంగా. కేంద్ర లైసెన్సు ఉన్న సంస్థలు, లేదా పది, అంతకు మించి శాఖలున్నవి మెనూలో ప్రతి వంటకానికీ కేలరీలు చూపాలని 2020 నిబంధనలే చెప్పాయి. అక్కడా అదే ప్రశ్న వేయండి. పెద్ద పిజ్జా పక్కన రాసిన అంకె మొత్తానిదా, ఒక ముక్కదా? మన వీధి చివర మిఠాయి కొట్టుకు ఈ నిబంధన వర్తించదు. అక్కడ తూచి ఇచ్చే కాజాలకు మన అంచనాయే దిక్కు.

2024 జూలైలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు అంకెలను లావు అక్షరాల్లో, పెద్ద సైజులో ముద్రించాలని. మంచిదే. నా కోరిక ఇంకొకటి. ప్యాకెట్ మొత్తానికి ఎంత అన్న వరుస కూడా తప్పనిసరి చేయాలి. ఆ వరుస ఉంటే పదో తరగతి చదవని అమ్మ కూడా హెచ్చవేతలూ భాగహారాలూ లేకుండా ఒక్క చూపులో తెలుసుకుంటుంది. లెక్కలు వచ్చినవారికే అర్థమయ్యే లేబుల్ ఉండీ ప్రయోజనం సగమే.

ఈలోగా ఇంట్లో చేసుకోదగిన పని ఒకటుంది. మనం ప్యాకెట్ తెచ్చిన వెంటనే విప్పి స్టీలు డబ్బాలో పోస్తాం, కవరును చెత్తబుట్టలో వేస్తాం. దాంతో పాటే లేబులూ పోతుంది. ఆ తర్వాత వారం రోజులు డబ్బాలోంచి తినేవారికి ఏ అంకే కనిపించదు. ఇకపై కత్తెరతో ఆ పట్టిక ఉన్న ముక్కను కత్తిరించి డబ్బా మూత మీద అంటించండి. నికర బరువును 100 గ్రాముల కేలరీలతో హెచ్చించి, వందతో భాగిస్తే ప్యాకెట్ మొత్తం కేలరీలు వస్తాయి. దాన్ని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి. ఇంట్లో చిన్న తూకం ఉంటే, మీ ఇంటి గిన్నెలో ఆ సరుకు ఎన్ని గ్రాములు పడుతుందో ఒక్కసారి తూచి అదీ పక్కనే రాసిపెట్టండి. అక్షరాలు కనిపించని పెద్దవాళ్లుంటే కవరును ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదివి వినిపించండి. తర్వాతి నెల వేరే కంపెనీ సరుకు తెస్తే పాత ముక్క తీసేసి కొత్తది అంటించాలి, ఎందుకంటే సర్వింగ్ ఒక్కటే కాదు, నూనె, ఉప్పు కూడా కంపెనీని బట్టి మారతాయి.